ఓడిపోవడానికి అనుమతి లేదు

“ఈడ అందర్నీ కొడతారు గదా, ఆడికి పోతే ఎందుకమ్మా ఓడిపోతారు? సుమ్నే, ఊరికే ఏదో ఒకటి చెప్పొద్దు. నిజం చెప్పు.”

ఇంటి ఓనరు కమలమ్మ ఈ మాట అడిగింది బెంగళూరు మారతహళ్ళిలో తన ఇంటి మెట్ల మీద, చేతిలో కొత్తిమీర కట్ట పట్టుకుని. అడిగింది వరూధినిని. వరూధిని అప్పుడే జకార్తా నుంచి వచ్చి దిగింది. సూట్‌కేసు ఇంకా ఆటోలోనే ఉంది. కమలమ్మ మేడ మీద అద్దెకుంటున్న ‘రాగి రైడర్స్’ అనే కంప్యూటర్ ఆటల జట్టుకు ఆమె కోచ్.

“జెట్ లాగ్ ఆంటీ,” అంది వరూధిని.

“జకార్తాకీ మనకీ గంటన్నరే తేడా అంట గదా. మా వాడు చెప్పినాడు.”

వరూధిని ఆటోలోంచి సూట్‌కేసు దింపుకుంది. అది జట్టు మూడో విదేశీ యాత్ర. మూడుసార్లూ మొదటి రౌండు దాటలేదు. మూడుసార్లూ ఫోన్ల నిండా అవే మాటలు: పోరాడి ఓడారు, కోట్ల గుండెలు గెలిచారు, ఈ అనుభవమే రేపటి విజయం. గుండెలు గెలిచినందుకు ఎవరూ కప్పు ఇవ్వరు. అనుభవం మూడుసార్లు వచ్చింది, రేపు మాత్రం రాలేదు. ఈ భజనంతటి మధ్యా అడగాల్సిన ప్రశ్న అడిగింది కొత్తిమీర కట్ట పట్టుకున్న ఆ ఒక్క మనిషే. జవాబు వరూధినికి తెలుసు. చెబితే ఉద్యోగం ఉండదని కూడా తెలుసు.

ఆమెది ప్రొద్దుటూరు. బెళ్ళందూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరేళ్ళు టెస్టింగ్ చేసింది. ఒకరు కట్టిన దాన్ని ఎక్కడ తన్నితే కూలుతుందో వెతకడం ఆ పని. తప్పు ఆఫీసులో దొరికితే మంచిది, కొన్నవాడి ఇంట్లో దొరికితే చెడ్డది. ఆ ఒక్క ముక్కా ఆమెకు ఎముకల్లో దిగిపోయింది. సాయంత్రాలు ఆట ఆడేది, ఇతరుల ఆటలో లోపాలు విప్పి చెబుతూ వీడియోలు పెట్టేది. అవి చూసే మల్లికార్జున్, రాగి రైడర్స్ యజమాని, ఆమెను కోచ్‌గా పిలిచాడు. జీతం సగానికి సగం తగ్గింది. అయినా వెళ్ళింది.

ఆట తుపాకులది. ఐదుగురికి ఐదుగురు. ఒక పక్షం బాంబు పెట్టాలి, రెండో పక్షం ఆపాలి. పదమూడు రౌండ్లు ముందు గెలిచినవాళ్ళది మ్యాచ్. రాగి రైడర్స్ కెప్టెన్ ఫయాజ్, కర్నూలు కుర్రాడు. అతని చేతివేగం చూడముచ్చటగా ఉంటుంది. రౌండు మొదలవగానే నడిమి దారి గుండా ఒక్క ఉరుకున దూకుతాడు. ఇక్కడి జట్లకు హెడ్‌ఫోన్లలో ఆ అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, సగం ప్రాణం పోయేది. పుణె వాళ్ళయినా, ఢిల్లీ వాళ్ళయినా “ఫయాజ్ వచ్చాడు” అని వెనక్కి జరిగేవాళ్ళు. జరిగినవాణ్ణి కాల్చడం తేలిక. అలా నాలుగేళ్ళు కప్పుల మీద కప్పులు వచ్చాయి.

జకార్తాలో మూల నక్కి కూర్చున్న పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి ఫయాజ్ ఎవరో తెలియదు. వాడికి అడుగుల చప్పుడే వినిపిస్తుంది, పేరు వినిపించదు. కదలకుండా ఆగుతాడు, మూల తిరగ్గానే కాలుస్తాడు. మూడు దేశాల్లో జరిగింది ఇంతే. ఇందులో జెట్ లాగ్ లేదు, దురదృష్టం లేదు.

మరి ఇది ఇంట్లోనే ఎందుకు బయటపడలేదు? బయటపడకుండా కాపలా పెట్టారు కాబట్టి.

రెండేళ్ళ కిందట ఒక వియత్నాం జట్టుతో ఆన్‌లైన్లో ప్రాక్టీసు ఆడారు. పదమూడు, రెండుతో ఓడారు. ఆ స్కోరు ఫొటో ఎవరో బయట పెట్టారు. జట్టును పోషిస్తున్న కూల్‌డ్రింకు కంపెనీ నుంచి మర్నాడే మల్లికార్జున్‌కు ఫోను వచ్చింది. వాళ్ళ డబ్బాల మీద ఐదుగురి బొమ్మలూ, కింద ‘ఓటమి ఎరుగనివాళ్ళు’ అనీ ఉంటుంది. పక్కన ఒక చుక్క గుర్తు, ఆ చుక్కకు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘దేశీయ పోటీలలో’ అని. ఆ రోజు నుంచి ఇంట్లో ఒక నియమం పెట్టారు. ఓడిపోయే అవకాశమున్న ఏ జట్టుతోనూ ప్రాక్టీసు ఆడకూడదు. పోటీల కోసం బతికే జట్టు, తనకంటే బలమైనవాళ్ళతో ప్రాక్టీసు చేయకూడదన్నమాట. ఈ తెలివితక్కువతనానికి వాళ్ళు పెట్టుకున్న పేరు బ్రాండ్.

మల్లికార్జున్ దుర్మార్గుడని చెప్పి చేతులు దులుపుకుంటే పని సులువయ్యేది. నరసరావుపేట నుంచి వచ్చి పీజీ హాస్టళ్ళ మీద సంపాదించినవాడు. ఆటలాడేవాళ్ళకు జీతమేమిటని లోకం నవ్విన రోజుల్లో ప్రతి నెలా ఒకటో తారీఖున జీతాలు వేశాడు. కుర్రాళ్ళకు జ్వరమొస్తే తన కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అందుకే అతని మాట కాదనడం అందరికీ కష్టం.

బ్యాంకాక్ పోటీకి పిలుపు వచ్చినప్పుడు వరూధిని అతని ఆఫీసుకు వెళ్ళింది.

“సర్, ఈసారి పది రోజులు ముందే వెళ్దాం. అక్కడి టీమ్స్‌తో రోజూ ఆడదాం. ఓడిపోతాం. అసలు ఓడిపోవడానికే వెళ్దాం.”

“ఓడిపోవడానికి నేను టికెట్లు కొనాలా?”

“మూడుసార్లు కొన్నారు కదా సర్.”

మల్లికార్జున్ పెద్దగా నవ్వాడు. “నీ నోరుందే... సరే, నేషనల్ కప్పు పట్రా తల్లీ. పది రోజులేం ఖర్మ, పదిహేను రోజులు పంపిస్తా. నాదీ మాట.”

కప్పు తెచ్చారు. ఫైనల్లో ఎదుటి జట్టు ఐదు రౌండ్లు కూడా దాటలేదు.

ఇక సన్మానాలు మొదలయ్యాయి. బెళ్ళందూరులో ఒక పెద్ద హాలు, ఐదు తలల మీద ఐదు మైసూరు పేటాలు, గంధపు దండలు, శాలువాలు. బహుమతి ఎలా పంచుతారో, కోచ్ వాటా ఎంతో మల్లికార్జున్ మైకులోనే ప్రకటించాడు. ఆనేకల్‌లో మగ్గాల ఇంటి నుంచి వచ్చిన ఓంకార్‌కు పేటా కళ్ళ మీదికి జారింది. “ఇది పెట్టుకుంటే హెడ్‌ఫోన్ యాడ పెట్టుకునేదప్పా?” అని పక్కవాణ్ణి గట్టిగానే అడిగాడు. ఎవరో ఒక పెద్దమనిషి యువశక్తి గురించి మాట్లాడి, ఆట పేరు తప్పు పలికి, దండం పెట్టి కూర్చున్నాడు. మర్నాటి నుంచి కంపెనీ షూటింగు. లారీ మీంచి దూకారు, డబ్బాలు ఎత్తి తాగారు, తాగింది బాగాలేదని మళ్ళీ తాగారు. మేడ మీద కీబోర్డుల మీద దుమ్ము పేరుకుంది.

వరూధిని మళ్ళీ ఆఫీసుకు వెళ్ళింది. “సర్, టికెట్లు?”

“కంపెనీవాళ్ళు డేట్లు అడిగారమ్మా. వచ్చే నెల కాంట్రాక్టు రెన్యువల్. ఇప్పుడు కాదంటే ఎలా?”

“మాటిచ్చారు సర్.”

“ఇచ్చాను. ఏం చేయమంటావ్?”

“బ్యాంకాక్‌లో ఓడిపోతే కాంట్రాక్టు పోదా?”

మల్లికార్జున్ ఓపిగ్గా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. “నీకు ఆట తెలుసు గానీ జనం తెలియదు వరూధినీ. స్టేజీ మీద ఓడితే ‘పోరాడి ఓడారు’ అంటారు, దండలు వేస్తారు. ప్రాక్టీసులో ఓడితే ‘వీళ్ళకి ఆట రాదు’ అంటారు. మొదటిది అమ్ముకోవచ్చు, రెండోది అమ్ముకోలేం. తేడా చూసుకో.”

నాలుగేళ్ళలో ఆ ఆఫీసులో ఆమె విన్న ఒకే ఒక నిజం అది.

ఆ మర్నాడే, ఒక థాయ్‌ జట్టు కోచ్‌కు మెసేజీ పెట్టింది. పేర్లు మార్చుకుని ఆడదాం, స్కోర్లు బయటికి రాకూడదు అని. అతను సరేనన్నాడు. మల్లికార్జున్ హాస్టళ్ళ చుట్టూ తిరిగే మధ్యాహ్నాలు ఎంచుకుంది. కుర్రాళ్ళతో అంతా చెప్పే చేసింది.

మొదటి మధ్యాహ్నం ఆడినవన్నీ ఓడారు. రెండో మధ్యాహ్నమూ అంతే. ఎప్పుడూ అరుపులతో దద్దరిల్లే ఇల్లు మూగబోయింది. కమలమ్మ పైకి వచ్చి తలుపులోంచి తొంగి చూసింది.

“ఏమమ్మా, సద్దే లేదు? పిలకాయలకు ఒంట్లో బాగుండాదా?”

“ఓడిపోతున్నాం ఆంటీ.”

“అయ్యో. బజ్జీలు పంపించేదా?”

“పంపించండి. ఇంకా చాలాసేపు ఓడాలి.”

మూడో మధ్యాహ్నం ఓంకార్ అన్నాడు: “అక్కా, వాళ్ళు మనం పరిగెత్తుకుని వస్తామని కాచుకోనుండారు. మనమే కాచుకుంటే ఏమైతాది?” ఆగి చూశారు. అవతలివాళ్ళకు విసుగు పుట్టి వాళ్ళే కదిలారు. ఆ మ్యాచూ ఓడారు గానీ పదకొండు రౌండ్లు గెలిచి ఓడారు. వరూధినికి ఆరేళ్ళు చేసిన పాత ఉద్యోగంలోని ఆనందం గుర్తొచ్చింది. తప్పు ఇంట్లోనే దొరికింది. సరిచేసుకోవడానికి ఇంకా వారం ఉంది.

ఫయాజ్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

“అక్కా, నా వల్ల కావట్లేదు. మూడు దినాలాయె, ఒక్కటన్నా గెలవలే. నా కాన్ఫిడెన్స్ మొత్తం పోతాంది.”

“పోనీ రా. ఇక్కడే పోనీ.”

“నువ్వు ఆడవు కదక్కా. నీకేం తెలుసు?”

“యో, చచ్చేది నువ్వొక్కడివేనా?” అన్నాడు ఓంకార్. “నేనూ నీ ఎనకాలే చస్తా ఉండా గదప్పా, ఈ నాలుగేండ్లూ.”

ఎవరూ నవ్వలేదు. మర్నాడు మల్లికార్జున్ ఫోను కూడా చేయకుండా వచ్చాడు. మూడు రోజుల స్కోర్లూ అతని నోట్లో ఉన్నాయి. ఫయాజ్ నేల చూపులు చూస్తున్నాడు. అతను చాడీ చెప్పలేదు. నాలుగేళ్ళుగా తిండి పెట్టిన పెద్దమనిషి దగ్గరికి వెళ్ళి, నాకు భయమేస్తోంది సర్ అని చెప్పుకున్నాడు. ఇంటి గెలుపులు అతణ్ణి అంత మెత్తబరిచాయి. ఓటమిని మూడు మధ్యాహ్నాలు కూడా ఓర్చుకోలేని కెప్టెన్‌ను తయారుచేసి, దేశమంతా వాడికి పేటాలు చుట్టింది.

“ఆ థాయ్‌ వాళ్ళకు నేనే చెప్పేశాను, ఇక ఆడరని,” అన్నాడు మల్లికార్జున్. “పిల్లల మనోధైర్యం దెబ్బతింటే ఎవరమ్మా బాధ్యులు?”

బ్యాంకాక్‌లో పోటీకి రెండు రోజుల ముందు దిగారు. మొదటి మ్యాచ్, మొదటి రౌండు: ఫయాజ్ నడిమి దారి గుండా దూకాడు. అక్కడ ఒకడు ఆగి ఉన్నాడు. రెండు మ్యాచ్‌లూ ఓడి, రెండో రోజు మధ్యాహ్నానికే సామాన్లు సర్దుకున్నారు. తలుపు దగ్గర ఆ థాయ్‌ కోచ్ వరూధినికి ఎదురై, వచ్చీరాని ఇంగ్లిషులో అడిగాడు. “ఎందుకు ఆపేశారు? ఆ మూడో రోజు మాకు భయం వేసింది.”

ఆ మాట తర్వాత ఆమె చేతికి మైకు ఇచ్చారు. పోటీని ప్రపంచమంతా ఫోన్లలో చూస్తోంది. యాంకరు ముఖం నిండా జాలి పులుముకుని, ఈ ఓటమి నుంచి ఏం నేర్చుకున్నారని అడిగాడు. జేబులో ఫోను మోగింది. ఏం చెప్పాలో మల్లికార్జున్ ముందే రాసి పంపాడు: దేశం కోసం ప్రాణం పెట్టి ఆడాం, గొప్ప అనుభవం.

“ఏమీ నేర్చుకోలేదు,” అంది వరూధిని. “మమ్మల్ని ఓడించగలిగే జట్లతో ప్రాక్టీసు చేయడానికి మాకు అనుమతి లేదు. స్పాన్సరు డబ్బాల మీద ఓటమి ఎరుగనివాళ్ళమని రాసి ఉంటుంది. ఆ రాత నిలబెట్టడానికి ఇంట్లో ఓడం. అందుకని ఇక్కడికొచ్చి ఓడతాం. ఇది నాలుగోసారి. దయచేసి పోరాడామని రాయకండి.”

వెనక నుంచి ఓంకార్ “ఆయ్తు,” అన్నాడు మెల్లగా. “ముగిసింది పోప్పా.”

బెంగళూరులో విమానం దిగేసరికి ఆమె కోచ్ కాదు. కంపెనీ మాత్రం కాంట్రాక్టు రెన్యువల్ చేసింది. ఆ వీడియోను లక్షల మంది చూశారు, జట్టు పేరు ఎన్నడూ లేనంతగా మోగింది. కొత్త డబ్బాల మీద ఫయాజ్ ఒక్కడే ఉన్నాడు, కింద ‘పోరాట వీరుడు’ అని ఉంది. చుక్క గుర్తు లేదు. దీనికి ఏ షరతూ అక్కర్లేదు మరి.

సామాన్లు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు కమలమ్మ మెట్ల మీదే దొరికింది.

“ఫోన్లో చూసినాలే. నేను అడిగినప్పుడే ఇది చెప్పింటే ఏమి?”

“ఉద్యోగం పోతుందని ఆంటీ.”

“ఇప్పుడు పోలేదా?” కమలమ్మ ఒక పెట్టె అందుకుని ముందు నడిచింది. “నాకు ముందే చెప్పింటే ఆ మల్లికార్జున్‌కు బాడిగ డబుల్ చేస్తానని బెదిరించేదాన్ని. పది దినాలు కాదు, నెల పంపించేవాడు.”

వరూధిని మళ్ళీ బెళ్ళందూరులోనే టెస్టింగ్ చేస్తోంది. ఓంకార్ అప్పుడప్పుడు ఆనేకల్ ఇంటి నుంచి మెసేజీ పెడతాడు. సెలవు రోజుల్లో వేరే పేరుతో ఆ థాయ్‌ కుర్రాళ్ళతో ఆడుతున్నాడట. “నిన్న కూడా ఓడిపోయినా అక్కా” అని రాస్తాడు. మల్లికార్జున్‌కు ఆమె మూడు మెయిళ్ళు పెట్టింది. జట్టు పరువు తీసినవాళ్ళకు చెల్లింపులు నిలిపివేసే హక్కు కాంట్రాక్టులో ఉందని ఒక్కదానికి జవాబు వచ్చింది. నేషనల్ కప్పు బహుమతిలో కోచ్ వాటా రెండు లక్షల డెబ్బై వేల రూపాయలు. ఇంకా ఇవ్వలేదు.