తీగ బయటికి రాని రాతి పెట్టె

దయ్యాలూ మహిమలూ అని ఎవరైనా మొదలుపెడితే నాకు చిరాకు. వికారాబాద్ జంక్షన్‌లో టెలిగ్రాఫ్ గుమాస్తాగా బతికినవాణ్ణి. ఒక ఊరి మాట ఇంకో ఊరికి చేరాలంటే మధ్యలో తీగ ఉండాలి. తీగ తెగితే మాట ఆగిపోతుంది. నాకు తెలిసిన వేదాంతం అంతే.

అలాంటి నా కళ్ల ముందే, తాండూరులో మా అక్క శాంతమ్మ ఇంట్లో, ఇది జరిగింది. పందొమ్మిది వందల అరవైల మొదట్లో. పొద్దున పదికీ పదకొండుకీ మధ్య. ఎవరూ తాగి లేరు, ఎవరికీ జ్వరం లేదు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇంకొకరు చెబితే నేను మొదట అడిగే ప్రశ్నలు ఇవే కాబట్టి.

మా బావ దావీదు నాపరాయి గనిలో బండలు చీల్చేవాడు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది కూడా ఆయనే. ఒకసారి గనిలో మందు పేలినప్పుడు మరీ దగ్గరలో ఉండిపోయాడు. ఒంటి మీద గీత పడలేదు గానీ రెండు చెవులూ పోయాయి. హైదరాబాద్ తీసుకెళ్లి చూపించాను. లోపలి పొరలు చినిగిపోయాయనీ, వినికిడి ఇక రాదనీ డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అప్పటికి అక్క కడుపుతో ఉంది. కూతురు పుట్టింది, మేరీ అని పేరు పెట్టారు. బిడ్డ ఏడుపు గానీ నవ్వు గానీ బావ వినలేదు. తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో తెలియక ఆయన అరిచినట్టు మాట్లాడితే, బజారులో నలుగురూ నవ్వారు. ఆ రోజుతో మాట మానేశాడు. ఏం కావాలన్నా పలక మీద రాసేవాడు. నాలుగేళ్ల మేరీ పక్కింటి పిల్లలతో "మా నాయినకు నోరు లేదు" అని చెప్పుకునేది.

"చెవులు పోతే పోయినయ్ తమ్మీ, గొంతెందుకు దాసుకున్నడు?" అని అక్క నన్ను అడిగింది. ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు.

ఆ రోజుల్లో బొంబాయి నుంచి పోస్టులో లౌడ్ స్పీకర్ల సామాను తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకోవచ్చు. రెండు కాగితపు గరాటులు, వాటి వెనక అయస్కాంతాలు, తీగలు, బోల్టులు, బొమ్మ గీసిన ఒక కాగితం. పెట్టె మనం చేసుకోవాలి, పుస్తకాల బీరువాలో పట్టేంత. స్పీకరు ముందు మాట్లాడి, దాని తీగను రేడియోకు కలిపితే అది మైకులా కూడా పని చేస్తుందని నాకు తెలుసు. ఒక పెట్టె ముందు అరుగు మీద, ఇంకొకటి వెనక గదిలో, నడుమ నా రేడియో. అరుగు మీద మేరీ మాట్లాడితే వెనక పెట్టె మోగుతుంది. బావ దాని మీద చెయ్యి ఆనిస్తే, చెవికి కాకపోయినా అరచేతికి బిడ్డ గొంతు అందుతుంది. అదే నా ఆశ. ఆ సామాను తెప్పించి, సెలవు పెట్టి తాండూరు వెళ్లాను.

ఈ నమ్మకం ఉత్తదేం కాదు. చెవులు పోయాక కూడా బావ బండను చేత్తోనే పరీక్షించేవాడు. ఒక చేత్తో సుత్తితో కొట్టి, రెండో అరచెయ్యి బండ మీద పరిచేవాడు. మంచి బండ అయితే ఆ మోత మోచేతి దాకా వస్తుందట. లోపల పగులుంటే మణికట్టు దగ్గరే ఆగిపోతుందట.

పెట్టెలకు టేకు చెక్క వాడమని సామానుతో వచ్చిన కాగితంలో ఉంది. బావ పలక మీద "కట్టె వొద్దు. బండ" అని రాశాడు. తాండూరు మనిషికి ఇంకో ఆలోచన ఎలా వస్తుంది? వద్దన్నా వినలేదు. అంటే, వినే వీలే లేదు కదా! పన్నెండు పలకలు ఏరి కోసి నున్నగా తీశాడు. ముందు పలకల్లో ఉలితో గుండ్రంగా తొలిచాడు. లోపలి నుంచి స్పీకరు బిగించి, ముందు గుడ్డ అంటించి, వెనక పలక సిమెంటుతో మూసేయాలి. మొదటి పెట్టె ఇద్దరం కలిసి మూశాం. రెండోది నేను బజారుకు వెళ్లి వచ్చేసరికి ఆయనే పూర్తి చేసి, ఒక్కడే మోసుకెళ్లి వెనక గదిలో పెట్టేశాడు.

మర్నాడు పొద్దున రేడియో ఇంకా నా పరుపుచుట్టలోనే ఉంది. ముందుగా తీగలు చూద్దామని వెనక గదిలోకి వెళ్లాను. పెట్టెకు తీగ లేదు. తీగ కోసం నేను వదలమన్న కన్నాన్ని కూడా బావ సిమెంటుతో పూడ్చేశాడు. రాతి పనిలో సందు మిగలడం ఆయనకు నామోషీ. తీగ చుట్ట లోపలే ఉండిపోయింది. సిమెంటు గట్టిపడింది. పగలగొట్టకుండా తీయడం కుదరదు. సాయంత్రం బండికి నేను వెళ్లిపోవాలి.

నాకు ఒళ్లు మండింది. పలక తీసుకుని "అంతా చెడగొట్టినవ్" అని రాసి ఆయన ముందు పడేశాను. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బావ చదివాడు, మోచేత్తో తుడిచాడు, వెనక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

నేను అరుగు మీద కూర్చున్నాను. అక్క కందులు చెరుగుతోంది. మేరీకి ఇవేవీ తెలియవు. అరుగు మీది పెట్టె గుడ్డకు నోరు ఆనించి అప్పటికప్పుడు ఏదో కట్టి పాడుతోంది. ఆ పెట్టె తీగ కూడా దేనికీ కలపకుండా, చుట్టచుట్టి పెట్టె మీదే ఉంది. వద్దని చెప్పడానికి నాకు మనసు రాలేదు.

"మేకపిల్లకు గజ్జెల్లేవు, మా నాయిన తెస్తడు, రాతి గజ్జెలు తెస్తడు."

ఇంటి లోపలి నుంచి ఒక మగ గొంతు అదే పాట అందుకుంది. బొంగురుగా, కానీ శ్రుతి తప్పకుండా. "రాతి గజ్జెలు తెస్తడు."

అక్క చేతిలోని చాట జారింది. కందులు అరుగంతా దొర్లాయి. "తమ్మీ, గది మీ బావ గొంతు" అంది.

ఇద్దరం పరుగెత్తి తలుపు తీశాం. బావ మాకు వీపు పెట్టి నేల మీద కూర్చున్నాడు. రెండు అరచేతులూ రాతి పెట్టె మీద ఉన్నాయి. పక్కకు వెళ్లి చూస్తే, కళ్లు మూసుకుని ఉన్నాడు. అక్క గుమ్మంలోనే కూలబడింది.

నా బుద్ధి మాత్రం ఒప్పుకోలేదు. తిరిగి అరుగు మీదికి వచ్చి, "మేరీ, నాకు గూడ ఇనవడకుండ నాయినను ఏమన్న అడుగు బిడ్డా" అన్నాను. అది పెట్టెకు నోరు ఆనించి గుసగుసలాడింది. పక్కనే ఉన్న నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

వెనక గదిలోంచి జవాబు వచ్చింది. "ఇనవడ్తున్నవ్ బిడ్డా. మంచిగ ఇనవడ్తున్నవ్."

మేరీ వైపు తిరిగాను. "ఏమడిగినవ్?" అన్నాను.

"నాయినా, నీకు నేను ఇనవడ్తున్ననా అని అడిగిన మామా."

అంతే. మధ్యాహ్నం మళ్లీ పాడించాం, గట్టిగా అరిపించాం. బావ చేతులకు ఏమీ తెలియలేదు. అదురు నేలగుండా వెళ్లిందేమో అని ఎన్నిసార్లు ఆలోచించానో. అదురు వెళ్లవచ్చు, కానీ మాటలు ఎలా వెళ్తాయి? పక్కనున్న నాకే అందని గుసగుస, రెండు గదులు దాటి చెవుల్లేని మనిషికి ఎలా అందింది? బావకు వినికిడి తర్వాత ఎప్పుడూ రాలేదు. గొంతు మాత్రం మళ్లీ దాచుకోలేదు. బజారులో నవ్వినా లెక్కచేయలేదు. ఆ క్రిస్మస్‌కు చర్చిలో పాట ఆయనే ఎత్తుకున్నాడు.

ఆ పెట్టెను ఎవరమూ పగలగొట్టలేదు. తీగ ఇంకా దాని లోపలే ఉంది.

ఆ సాయంత్రం స్టేషనుకు బయలుదేరే ముందు పలక మీద రాశాను: "తీగ దేనికీ కలపలే బావా. ఎట్ల ఇన్నవ్?"

బావ చదివి, చాలా ఏళ్ల తర్వాత పైకి నవ్వాడు.

"నాకేం తెలుసు బామ్మర్దీ. బిడ్డ పిలిసింది, పలికిన."

ఉద్యోగమంతా తీగల మీద మాటలు పంపిన నాకు, ఇంతకంటే మంచి జవాబు ఇవాళ్టికీ దొరకలేదు.