గుంటలో ఏం లేదన్నాను

మా ఇంట్లో మగ్గం కింది గుంట నడుము లోతు కూడా ఉండదు. నేసే మనిషి గట్టు మీద కూర్చొని, కాళ్ళు అందులోకి దించి, అడుగున ఉన్న కర్రలు తొక్కుతాడు. అంతే ఆ గుంట. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువంతా అందులోనే ఉంది. నా భర్తకు చెప్పలేదు. దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు కూడా ఫలానా తప్పు అని నోరు తెరిచి చెప్పుకోలేదు. మీరెవరో నాకు తెలియదు. మీ ముఖం నాకు కనిపించదు. అందుకే ధైర్యం చేస్తున్నాను. ధైర్యం అనవచ్చా దీన్ని?

అప్పటికి నాకు పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. మాది నిజాం ఇలాకాలో ఒక చిన్న ఊరు. నా భర్త అక్క, అంటే మా వదిన, షోలాపూర్‌లో జోడ్‌భావి పేట్‌లో ఉండేది. మాకు షోలాపూర్ అంటే పరదేశమే. సర్కారు వేరు, రూపాయి వేరు, సరిహద్దు స్టేషన్‌లో మూటలు విప్పించి చూసేవాళ్ళు. వదిన పదే పదే రమ్మంటే కొన్నాళ్ళు ఉండి పోదామని వచ్చాం. నేతవాళ్ళ ఇంటికి చుట్టంగా పోయినా చేతికి పని తప్పదు. వదిన భర్తను నేను అన్నయ్య అనేదాన్ని. ఆయనా, నా భర్తా పూటకొకరు మగ్గం మీద కూర్చునేవారు. దాన్ని పాళీ అంటారిక్కడ. నేను వదిన పక్కన కూర్చొని కండెలకు నూలు చుట్టేదాన్ని. వదిన కూతురు, అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్ల, మా మధ్యన పాకుతూ లేస్తూ ఉండేది.

ఊరు చూడనే లేదు. చెరువు నడుమ గుడి ఉందని, పెద్ద కోట ఉందని, మిల్లు పొగగొట్టం చూస్తే మెడ పడిపోతుందని విన్నదే తప్ప వీధి దాటలేదు. చివరి రోజు అన్నీ తిప్పి చూపిస్తానని నా భర్త మాటిచ్చాడు. సాయంత్రానికి మా రైలు. అందాకా ఆ రోజు మాదే. మేమిద్దరమే ఎక్కడికైనా వెళ్ళడం అదే మొదలు. కట్టుకోబోయే చీర ముందురోజే మడతపెట్టి తలకింద పెట్టుకొని పడుకున్నాను. నవ్వకండి.

ఆ పొద్దున మగవాళ్ళు వీధిలో పడుగు చాపి గంజి పెడుతున్నారు. వదిన వంటింట్లో ఉంది. నా చేతిలోంచి ఒక కండె జారి గుంటలోకి దొర్లింది. తీద్దామని వంగాను. తొక్కుడు కర్రల పక్కన ఎలుక. చచ్చి ఉంది. ఒళ్ళు ఉబ్బి, మూతి దగ్గర రక్తం.

మీరు ఆ భయం ఎరగనివాళ్ళయితే చెప్పాలి. ఇంట్లో ఎలుక దానంతటదే చచ్చి పడిందంటే ప్లేగు వచ్చినట్టే. వెంటనే కేక వేయాలి. పొయ్యి మీది కుండ పొయ్యి మీదే వదిలి ఇల్లు ఖాళీ చేయాలి. ఊరి బయట చేలల్లో గుడిసెలు వేసుకొని ఉండాలి. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి ఇంట్లో మందు చల్లుతారు. అలాంటి ఇంటి నుంచి వచ్చినవాళ్ళను సరిహద్దు దగ్గర డాక్టరు దాటనివ్వడు. ఇదంతా నాకు తెలుసు. మా వీధుల్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

నేను కేక వేయలేదు.

ఎందుకు వేయలేదు? సొంత ఊరికి పోలేమని భయపడ్డానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. పరాయి ఊళ్ళో, చేలో గుడిసెలో, రోగంతో చస్తామని భయపడ్డానని చెప్పుకున్నాను. అవి అబద్ధాలు కావు. కానీ ముందు వచ్చిన ఆలోచన అది కాదు. ముందు వచ్చింది చెరువు. ఇక చెరువు చూడలేనే అనుకున్నాను. ఒక మనిషి ప్రాణం పక్కన ఇంత చిన్న కోరికా? రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అదే నిజం.

కట్టెపుల్లతో ఎలుకను మూలకు తోశాను. తెగిన నూలు పోగుల చెత్త దాని మీద కప్పాను. పుల్ల పొయ్యిలో పెట్టేద్దామని లేచేసరికి వదిన గుమ్మంలో నిలబడి ఉంది.

“ఏందే పిల్లా, గుంటల ఏదో వాసనొస్తున్నది?”

“ఏం లేదు వదినె. గంజి ఒలికి పులిసినట్టున్నది.”

“నేను చూస్త తీయ్.”

“నేను ఊడ్చిన వదినె. గుంటల ఏం లేదు.”

“సరే మరి, జల్ది తయారు కా. తమ్ముని పాళీ ఇయ్యాల నేనే కూసుంట. మళ్ల ఎన్నడొస్తరో ఏమో. మంచిగ తిరిగి రాండ్రి.”

మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మగ్గమెక్కడం తక్కువ. వదినకు నేత వచ్చు. నేను చూస్తుండగానే కొంగు బిగించి, గట్టు మీద కూర్చొని, రెండు కాళ్ళూ గుంటలోకి దించింది. మమ్మల్ని ఊరు చూడమని. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నోరు తెరిచాను కూడా. ఆయన బయటి నుంచి పిలిచాడు. వెళ్ళిపోయాను.

చెరువు చూశాను. ఎలా ఉందంటే ఏం చెప్పను? నీళ్ళు గుర్తులేవు. నా కాళ్ళ మీద ఏదో పాకుతున్నట్టు ఉండడమే గుర్తుంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి ఎత్తి చూసుకున్నాను. కోట గోడ మీద ఆయన ఎన్నడూ లేనంత సంతోషంగా ఉన్నాడు. నాకు ఆకుపచ్చ గాజులు కొని, తనే తొడగబోయి, ఒకటి పగలగొట్టి నవ్వాడు. అప్పుడు చెప్పబోయాను. చెబితే ఏమంటాడు? పొద్దున చూసి ఇప్పుడా చెప్పేది అంటాడు. పొద్దున ఒక్క మాటతో పోయేది, మధ్యాహ్నానికి నేరమైంది. గడిచిన ప్రతి గడియా దాన్ని ఇంకా పెద్దది చేసింది. మిల్లు భోంగా కూత పెడితే ఉలిక్కిపడి ఆయన చెయ్యి పట్టుకున్నాను. కొత్త ఊరు కదా, బెదిరిందనుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి వదిన మగ్గం దిగి, మాకు దారికి జొన్నరొట్టెలు, పల్లీల కారం మూట కట్టి ఉంచింది. వెళ్తూ ఆమె కాళ్ళకు దండం పెట్టాను. ఎడమ కాలి మడమ పైన ఏదో పురుగు కుట్టినట్టు ఎర్రటి దద్దు. ఇంకో కాలితో దాన్ని రుద్దుకుంటోంది. నేను తల ఎత్తలేకపోయాను. ఊరికి పోతూ ఏడుస్తున్నాననుకొని వదిన నన్ను లేపి గుండెకు హత్తుకుంది.

వారం తిరగకముందే కబురు వచ్చింది. గజ్జల్లో గడ్డ లేచి, జ్వరంతో వదిన పోయింది. ఆ వీధిలో ఇంకో రెండిళ్ళలో కూడా ఎలుకలు పడ్డాయట. అది విని నాకు ఒక్క క్షణం ప్రాణం లేచి వచ్చింది. నేను చెప్పినా చెప్పకపోయినా జరిగేదేనేమో! తర్వాతి మాట కూడా విన్నాను. అందరూ గుడిసెలకు పోతుంటే వదిన పోలేదట. మా ఇంట్లో ఎలుక పడలేదు కదా, ఈ చీర అయ్యాక వస్తానని మగ్గం మీదే కూర్చుందట. నా మాట నమ్మింది.

అన్నయ్య ఆ ఇంట్లో ఉండలేక బొంబాయి మిల్లుకు పోయాడు. పిల్లను చూసుకోవాలని మేము వచ్చి ఆ ఇంట్లోనే దిగాం. ఆ మగ్గమే. ఆ గుంటే. నా భర్త కాళ్ళు రోజూ అందులోనే. ప్రతి పొద్దునా ఆయన కూర్చోకముందే దీపం పట్టుకొని గుంట నాలుగు మూలలూ చూస్తాను. ఇల్లాలంటే ఇలా ఉండాలని వీధిలో వాళ్ళు నన్ను మెచ్చుకుంటారు. నేను దీపం ఆర్పి లోపలికి పోతాను.

ఆ పిల్ల పెళ్ళీడుకు వచ్చింది. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆమే. నన్ను చూసి చూసి గుంట చూసే అలవాటు ఆమెకూ వచ్చింది. నిన్న పొద్దున దీపం తను తీసుకొని వంగింది. మరుక్షణం వీధంతా అదిరేలా అరిచింది. “ఎలుక పడ్డది! బయటికి నడువుండ్రి!” నా చెయ్యి పట్టి లాక్కుపోయింది. ఇప్పుడు ఊరి బయట గుడిసెలో ఉన్నాం. ఆయన పొయ్యికి రాళ్ళు పేరుస్తున్నాడు. వీధి వీధంతా ఇక్కడే ఉంది. ఒక్క కేక. అంతే పని. నా వల్ల కానిది అంతేనా?

ఇందాక వచ్చి నా పక్కన కూర్చొని అడిగింది. “అత్తమ్మా, మా అమ్మప్పుడు గుంటల ఎవ్వరు చూడలేదా?” నాకేం తెలుసు బిడ్డా అన్నాను. వణుకుతున్నానని తన దుప్పటి తెచ్చి నాకు కప్పింది.

ఆమెకు చెబుతానో లేదో తెలియదు. చెబితే ఆ దుప్పటి కప్పిన చేతులు ఏం చేస్తాయో అని భయం. చెప్పకపోతే ఇంకా భయం. మీరు నన్ను క్షమించవద్దు. పోయింది మీ అమ్మ కాదు. ఇంతవరకు రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే. వదిన అడిగిన మాటకు జవాబు మాత్రం బాకీ ఉంది. అది ఇప్పుడు చెబుతాను.

వదినె, గుంటల ఎలుక ఉన్నది. నేను చూసిన.