డాక్టర్ యెఫీమ్‌కి తెలీదు

మా హైఫా క్లినిక్ డాక్టర్ యెఫీమ్‌కు ఒకటే జబ్బు: తెలియనిదాన్ని తెలియదనేవాడు. మా దేశంలో ఇది అంటురోగం కాదు. కరోనా గురించి టాక్సీవాడికి తెలుసు, చేపలమ్మేవాడికి ఇంకా బాగా తెలుసు. తెలియనివాడు ఆయనొక్కడే, పైగా డాక్టరు.

టీకాలు దాచే ఫ్రిజ్‌లు బాగుచేయడం నా పని. ఎవరూ నేర్పలేదు, విప్పి విప్పి నేర్చుకున్నాను. నాలుగో డోసు వచ్చిన ఆ చలికాలం నేను ఫ్రిజ్ తలుపు రబ్బరు మారుస్తుంటే, పక్కగదిలోంచి రోజూ ఇదే గొడవ.

"నాలుగోది పనిచేస్తుందా?"

"కొంత చేస్తుంది."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు."

"మరి నీ చదువెందుకయ్యా?"

"అదీ తెలీదు."

ఒకాయన మండిపడుతూ బయటికొచ్చి, ఎన్నాళ్ళు పనిచేస్తుందని నన్నడిగాడు. "ఆరు నెలలు గ్యారంటీ" అన్నాను. రబ్బరుకి నేనిచ్చేది అంతే. ఆయన సంతోషంగా వెళ్ళిపోయాడు.

మొరాకోనుంచి వచ్చి స్థిరపడిన మసూదమ్మకు ఎనభై రెండేళ్ళు, ఆయాసం మనిషి. కరోనా వస్తే తట్టుకోలేదు. మూడో డోసుకేమో మూడు రోజులు జ్వరంతో ఒంటరిగా పడి ఉంది. ఇప్పుడు కరోనా అన్నా భయమే, టీకా అన్నా భయమే.

"నాలుగూ ఐదూ కలిపి పొడిచెయ్ నాయనా. ఐదంటే మాకు ఖమ్సా, ఐదువేళ్ళ రక్షరేకు, దిష్టి తగలదు."

"నాలుగోదే సగం తెలీదమ్మా. ఐదోది అసలే తెలీదు."

"వేయించుకోనా, వద్దా? అది చెప్పి చావు!"

"నీ వయసుకీ ఆ ఊపిరికీ వేయించుకోవడమే మేలనిపిస్తోంది."

"అనిపిస్తోందా! మా కూరగాయలవాడు వద్దని ఒట్టేసి మరీ చెప్పాడు."

"నేను ఒట్టెయ్యలేనమ్మా."

"పోనీ, జ్వరం వస్తుందా?"

"తెలీదు."

తిట్టుకుంటూనే చెయ్యి చాపింది.

మర్నాడు ఆవిడ ఇంట్లో ఫ్రిజ్ ఆగిందంటే వెళ్ళాను. తలుపు తీసింది డాక్టర్ యెఫీమ్. ఆవిడ జ్వరంతో మంచంలో ఉంది. టీలో పుదీనా ఎప్పుడు వెయ్యాలో అక్కడినుంచే తిడుతూ ఆయనకు నేర్పుతోంది. బల్లమీద ఒక చీటీ ఉంది. దానిలో నాలుగో డోసు వేయించుకున్న మరో ఆరుగురు ముసలివాళ్ళ చిరునామాలు.

"ఇదేం డ్యూటీ డాక్టరుగారూ?" అన్నాను.

"తెలిసుంటే మాత్ర రాసిచ్చి పంపేవాణ్ణి. తెలీదుగా, వచ్చి పక్కన కూర్చోవాలి."

మంచంలోంచి గొంతు వినపడింది. "డాక్టరూ, రేపు కూడా జ్వరం ఉంటుందా?"

"తెలీదమ్మా."

"అయితే రేపూ రా. పంచదార ఇంకాస్త ఎక్కువెయ్యి."