చెవికి అందని రొద

ఇన్వర్టర్లు కట్టి అమ్మే ఆయన్ని ఆ వీధిలో అందరూ చెవి మేస్త్రి అనేవారు. ముప్ఫై ఏళ్లుగా పెట్టెకు చెవి ఆనించి జబ్బేమిటో చెప్పేవాడు. మీటరు బయటికి తీసేది గిరాకీల నమ్మకం కోసమే.

ఊపిరితిత్తులు దెబ్బతిన్న అక్క ఆయన ఇంట్లోనే ఉండేది. ఆమె మంచం పక్కన గాలిలోంచి ఆక్సిజన్ పట్టి ఇచ్చే మిషను రోజంతా నడవాలి. కరెంటు పోతే దాన్ని నడిపేది తమ్ముడు కట్టిన ఇన్వర్టరే.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు అక్క అంది, "ఒరేయ్, నీ పెట్టె మీద ఉన్నప్పుడు ఈ మిషను తేనెటీగలా రొద పెడుతోందిరా."

ఆయన వంగి చెవి ఆనించాడు. ఏ రొదా లేదు. "బాగానే ఉందే అక్కా" అంటూ లేవబోయి మిషను మీద చెయ్యి వేశాడు. చురుక్కుమంది. లోపలి మోటారు అంతగా కాగుతోందంటే రొద ఉండే ఉండాలి. వినిపించనిది తనకే.

మూడు రోజులు ఆ భయాన్ని కడుపులోనే దాచుకున్నాడు. అన్నం సయించలేదు. కరెంటు పోతే చాలు, పరుగున వెళ్లి మిషను తాకి చూసేవాడు. నాలుగో రోజు కోడలి ఎదుట కూలబడ్డాడు. చిప్పులకు ప్రోగ్రాములు రాయడం ఆమె ఉద్యోగం.

"ఏంటి మామయ్యా, మొహం అలా పీక్కుపోయింది?"

"నా చెవులు పోయాయమ్మా. నా పెట్టె మీద అక్క మిషను కాగిపోతోంది, ఆ రొద నాకు వినపడటం లేదు. అక్కతో అనకు."

కోడలు ఇన్వర్టరుకు స్కోపు, కరెంటు అలను తెర మీద గీసి చూపే పరికరం, తగిలించింది. తెర మీద నున్నగా లేచి దిగాల్సిన అల రంపపు పళ్లలా కనిపించింది.

"అసలు అల మీద మూడు రెట్లు, అయిదు రెట్లు వేగంగా ఊగే అలలు ఎక్కి కూర్చున్నాయి మామయ్యా. వీటినే హార్మోనిక్స్ అంటాం. మోటారుకు వీటివల్ల ఒళ్లు కాగడమే తప్ప పని జరగదు. నూటికి పందొమ్మిది పాళ్లున్నాయి."

ఇద్దరూ మరో పెట్టెలో కొత్త బోర్డు బిగించారు. దాని మీది చిప్పు బయటికొచ్చే అలను సెకనుకు పదివేలసార్లు కొలిచి, ఉండాల్సిన అలతో పోల్చి, తేడా ఉన్నచోటల్లా దిద్దుతుంది. మొదటిసారి ఆ దిద్దుబాటు మరీ గట్టిదై అల ఇంకా ఊగిపోయింది. ట్రాన్సిస్టర్లు టప్పున పేలాయి.

పేలినవి మార్చి, కోడలు దిద్దుబాటు జోరు తగ్గించి ప్రోగ్రాము తిరగరాసిన రోజునే కరెంటు పోయింది. గంట తిరక్కుండా పాత ఇన్వర్టరు వేడెక్కి చేతులెత్తేసింది. అక్కకు చిన్న సిలిండరు తగిలించారు. అది అరగంటకే వస్తుంది.

"ఈ కొత్త పెట్టెతో మోటారు ఎప్పుడూ నడపలేదు. మళ్లీ ఊగితే పెద్దత్తయ్య మిషనే కాలిపోతుంది" అంది కోడలు.

"ముందు నీళ్ల మోటారు మీద చూద్దాం."

ఆయన మోటారు మీద అరచెయ్యి ఆనించి పది నిమిషాలు నిలబడ్డాడు. అంత పొడుగు పది నిమిషాలు ఆయన జీవితంలో లేవు. మోటారు గోరువెచ్చన దాటలేదు. స్కోపు మూడు పాళ్లు చూపింది. అప్పుడు తెచ్చి అక్క మిషనుకు కలిపారు.

"రొద లేదురా" అంది అక్క.

ఆయన తల వంచుకుని తన చెవుల సంగతి చెప్పేశాడు.

"తెలుసులేరా. వెనకనుంచి పిలిస్తే నువ్వు పలికి ఏడాదైంది. నువ్వే చెబుతావని ఊరుకున్నా."

ఆ మాటతో ఆయనకు ఇంకో భయం పట్టుకుంది. ఆ ఏడాదిలో చెవి మాట నమ్మి పంపిన పెట్టెలు ఇరవై ఆరు. వాటి మీద ఏమేం నడుస్తున్నాయో.

మర్నాడు పొద్దున్నే స్కోపు సంచి భుజాన వేసుకుని మొదటి ఇంటి తలుపు తట్టాడు.

"మేం పిలవలేదే మేస్త్రీ" అంది ఇంటావిడ.

"పిలవలేదమ్మా. పెట్టె బాగుందని చెప్పి ఇచ్చాను కదా, నాకు సరిగా వినపడలేదు. ఒకసారి చూడనివ్వండి."

ఆవిడ ఆయన్ని కాసేపు ఎగాదిగా చూసి పక్కకు తప్పుకుంది. వారం తిరిగేసరికి ఇరవై ఆరూ చూశాడు. తొమ్మిదింటిలో అల నలిగే ఉంది. ఆ తొమ్మిదింటికీ బోర్డులు మార్చేదాకా ఆయనకు కంటిమీద కునుకు లేదు.