పక్క మేడ మీద పునర్జన్మ

మా పక్కింటి భాయ్ కుట్టుమిషన్లు రిపేరు చేస్తాడు. శుక్రవారం దుకాణం మూసేసి, నమాజు చదివొచ్చి, కడుపునిండా తిని, టీవీకి పెన్‌డ్రైవ్ పెడతాడు. అందులో ఉన్నది ఒకటే సినిమా. పాత హిందీ సినిమా, నలుపు తెలుపు. కొండలు, పొగమంచు, గజ్జెల చప్పుడు, ఒక పెద్ద బంగళా, ఆ బంగళాలో ఒక దుర్మార్గుడు. వాడి మూలంగా నాయిక చనిపోతుంది. మళ్లీ పుడుతుంది. నాయకుడు గుర్తుపడతాడు.

పత్రికాఫీసు నుంచి రిటైరయ్యాక నాకు అన్ని వారాలూ ఒకటే అయ్యాయి కాబట్టి నేనూ వెళ్లి పక్కన కూర్చుంటాను. దుర్మార్గుడు తెర మీదకి రాగానే భాయ్ భుజం మీది తువ్వాలు తీసి వాడి మొహాన విసురుతాడు. నాయిక చనిపోయే ముందు మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వెళ్లి, ఆమె మళ్లీ పుట్టాక తిరిగొస్తాడు. ఈ లోపల ఎవరూ రిమోట్ ముట్టుకోకూడదు.

"భాయ్, నిజంగ మీరు మల్ల పుట్టుడు నమ్ముతరా?" అని ఒకసారి అడిగాను.

"తౌబా! మా దాంట్ల అట్లాంటిది లేదు సాబ్," అని చెవులు పట్టుకున్నాడు. టీవీ వైపు చెయ్యి చూపి, "గీ సినిమాల మాత్రం ఉంది," అన్నాడు.

ఆయనకున్న రెండో వ్యసనం పావురాలు. కంచన్‌బాగ్ వెనకాల మా గల్లీలో మేడ ఉన్న ప్రతివాడికీ ఏదో ఒకటి ఉంటుంది. కొందరికి సెల్ టవర్, కొందరికి తులసి కుండీ, ఈయనకు పావురాల గూళ్లు. పొద్దున్నే మేడెక్కి, పొడుగాటి వెదురు కర్రకు కట్టిన నల్లగుడ్డ ఊపుతాడు. గుంపు లేస్తుంది. గుంపుకు పెద్ద ఒక బూడిదరంగు మగపావురం. అది ఎటు తిరిగితే మిగతావి అటు. దానికి జోడీ ఒక తెల్ల ఆడది, ఎడమ కంటి కింద కాటుక చెదిరినట్టు చిన్న మచ్చ. భాయ్ దాని కాలికి సన్నటి ఇత్తడి గజ్జె కట్టాడు. మా గల్లీలో గజ్జె ఆడపావురానికే కడతారు. అది అలంకారం.

ఎండాకాలంలో ఒకరోజు గద్ద ఆ తెల్లదాన్ని ఎత్తుకుపోయింది. ఆ రోజు నుంచి బూడిదరంగుది గూట్లో గోడ వైపు తిరిగి కూర్చుంది. గింజ ముట్టదు, ఎగరదు. భాయ్ జొన్నలు పోశాడు, సజ్జలు పోశాడు, బాదం నూరి నెయ్యి కలిపి ఉండలు చేశాడు. అది మాత్రం గోడతోనే సంసారం చేస్తోంది.

"నాకు డెంగీ వచ్చినప్పుడు ఒక్క బాదం పెట్టిండా, అడుగు భయ్యా," అంది భాయ్ భార్య, మా భాభీ, నాతో, మెట్ల మీద నిలబడి.

"నువ్వు తిన్నవ్ గదా! అది తింట లేదు," అన్నాడు భాయ్.

"తినుడు నా తప్పా?"

నవ్వుకున్నాం గానీ, పక్షి నిజంగానే చిక్కిపోతోంది. రొమ్ము ఎముక చేతికి కత్తిలా తగులుతోందని భాయ్ చెప్పినప్పుడు ఆయన గొంతులో వేళాకోళం లేదు. "ఇంకో వారం గిట్లనే ఉంటే పోతది సాబ్," అన్నాడు. "ఇది పోతే నేను మేడ ఎక్క."

ఆ శుక్రవారం సినిమా నడుస్తోంది. నాయిక చనిపోయింది, భాయ్ వంటింట్లోంచి తిరిగొచ్చాడు. పొగమంచులో గజ్జెల చప్పుడు. భాభీ టీవీ గొంతు తగ్గించింది. చప్పుడు తగ్గలేదు. అది పైనుంచి వస్తోంది.

ఇద్దరం మేడ మీదికి పరుగెత్తాం. పరుగెత్తాడు ఆయన, నేను మోకాళ్లతో మాట్లాడుకుంటూ ఎక్కాను. నీళ్ల ట్యాంకు అంచు మీద ఒక తెల్ల పావురం. కాలికి గజ్జె. ఎడమ కంటి కింద మచ్చ.

భాయ్ ట్యాంకు నీడలో కూలబడ్డాడు. "వచ్చింది," అన్నాడు, అంతే.

లేచి గింజలు చల్లాడు. పావురం కిందికి దిగింది, మట్టి మూకుట్లో నీళ్లు తాగింది, గింజల వంక చూసింది, ఎగిరి పక్క బస్తీ బార్కస్ వైపు వెళ్లిపోయింది.

ఇక్కడ మేడల చట్టం చెప్పాలి. పరాయి పావురం మన మేడ మీద దిగి మన గింజ తింటే మనది. తినకుండా వెళ్లిపోతే వాళ్లది. వాళ్ల పావురాన్ని మనకిమ్మని నోరు తెరిచి అడిగినవాడిని గల్లీలో ఎవరూ చాయ్‌కి కూడా పిలవరు.

"నీళ్లు తాగింది గదా," అన్నాడు భాయ్.

"నీళ్లు లెక్కల రావని మీరే చెప్పిన్రు."

"అవు. నేనే చెప్పిన," అని తల పట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా తలెత్తి నన్ను ఎగాదిగా చూశాడు. "సాబ్, అది బార్కస్‌ల జామపండ్లు అమ్మేటాయన పావురం, అటు దిక్కు తెల్లయి ఆయన కాడనే ఉంటయ్. వాళ్లది అరబ్ ఖాందాన్. ఇంటికొచ్చిన మెహమాన్ దేన్నన్న మెచ్చుకుంటే ఆయన ఇయ్యకుండ పంపడు, అది వాళ్ల తాత కాడికెళ్లి వస్తున్న పట్టింపు. నేను కబూతర్ మెచ్చుకుంటే అడిగినట్టయితది. నీకు పావురాలు లెవ్వు. నువ్వు మెచ్చుకో."

మర్నాడు పొద్దున స్కూటర్ మీద బార్కస్ వెళ్లాం. దారి పొడుగునా నాకు పాఠం చెప్పాడు. ఒక్క మాట చాలు, ఎక్కువ మాట్లాడొద్దు అని.

జామపండ్లాయన పెద్ద గడ్డం, గళ్ల లుంగీ, తీరికైన మనిషి. మేడ మీదే కూర్చోబెట్టి శొంఠి వేసిన కహ్వా కాఫీ పోశాడు. పొద్దుటి పూట వేడి వేడిగా గొంతులో దిగింది. ఏళ్ల తరబడి ఆఫీసు క్యాంటీన్ టీ తాగిన నాలుక నాది, ఆపుకోలేకపోయింది.

"మస్తుగుంది," అన్నాను.

వెంటనే ఇంకో కప్పు వచ్చింది. దాంతోపాటు ఒక పొట్లం కహ్వా పొడి కూడా నా పక్కన పెట్టాడు. భాయ్ నా కాలు తొక్కాడు. నేను కంగారులో చేతిలోని కప్పు చూసి, "కప్పు గూడ మంచిగుంది," అన్నాను. కప్పులన్నీ కడిగించి కాగితంలో చుట్టించాడు.

"క్యా కర్రై సాబ్!" అని భాయ్ పళ్ల మధ్య నుంచి అన్నాడు. మనసు కలత పడినప్పుడు ఆయన తెలుగు ఆయన్ని వదిలేస్తుంది.

అప్పుడే గజ్జె చప్పుడైంది. తెల్లది మా ముందు నుంచి నడిచి వెళ్లింది. దారిలో ఉన్న పావురాలన్నీ పక్కకు జరిగాయి.

"ఆ తెల్ల పావురం," అన్నాను గట్టిగా, "చాలా అందంగ ఉంది."

జామపండ్లాయన నన్ను చూడలేదు. భాయ్‌ని చూశాడు. ఇక భాయ్ ఆగలేకపోయాడు. జోడీ చనిపోవడం, గోడ వైపు తిరిగిన మగది, సినిమా, పొగమంచు, టీవీ గొంతు తగ్గించినా ఆగని గజ్జెలు, అన్నీ చెప్పేశాడు. పత్రికలో వార్తలు దిద్దిన చెడ్డ అలవాటు కొద్దీ నేను మధ్యలో దూరాను.

"ఈ పావురం ఎప్పుడు పుట్టింది?"

"పోయిన రంజాన్ కంటే ముందటి రంజాన్‌ల," అన్నాడు జామపండ్లాయన.

"ఆ ఆడది సచ్చింది ఈ ఎండాకాలం. అంటే సావక ముందే మల్ల పుట్టిందా?"

"సాబ్," అన్నాడు భాయ్ బాధగా, "నువ్వు సినిమాల గూడ గిట్లనే తారీకులు అడుగుతవ్."

జామపండ్లాయన పొట్ట ఊగేలా నవ్వాడు. లేచి తెల్లదాన్ని పట్టుకుని, కాళ్లకు గుడ్డ చుట్టి, నా చేతి సంచిలో పెట్టాడు. "మెహమాన్ మెచ్చుకున్నడు, నాకు ఇయ్యక తప్పదు. తీస్కపోండ్రి. మా మేడకు గూడ జర్ర సుకూన్, నిమ్మలం అయితది," అన్నాడు. ఆ చివరి మాట దగ్గర మేం ఆగి ఉండాల్సింది. ఆగలేదు.

దారిలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "ఒకసారి చేతుల పట్టుకొని చూడండ్రి," అని సంచి అందించబోయాను. పావురాన్ని చేత్తో పడితే ఆయనకి సమస్తం తెలుస్తుంది. భాయ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ముందు గూట్ల ఉన్నోడు చూడాలె. నేనెందుకు ముట్టుకుంట?" అన్నాడు సిగ్గుపడుతూ.

మేడ మీద భాభీ కూడా మాకు చాయ్ గ్లాసులు తెచ్చిచ్చి నిలబడింది. వాతావరణం కోసం భాయ్ ఫోన్లో గజ్జెల సీను పెట్టి గూటి పక్కన పెట్టాడు. నేను సంచి విప్పి, గుడ్డ తీసి వదిలాను. తెల్లది గజ్జె మోగిస్తూ గూటి ముందుకి నడిచింది. గోడ వైపు ఉన్న బూడిదరంగుది మెల్లగా మెడ తిప్పింది. భాయ్ కళ్లల్లో నీళ్లు.

తెల్లది గొంతు బుడగలా ఉబ్బించింది. తోక నేలకు రాస్తూ, గుటుర్ గుటుర్ మంటూ గుండ్రంగా తిరిగింది.

భాభీ ముందుకి వంగింది. "ఏందయ్యా ఇది? మగది గదా!"

భాయ్ నోరు తెరిచే లోపల తెల్లది గూట్లో దూరి బూడిదరంగుదాని నెత్తి మీద ఒక్క పోటు పొడిచింది. ఇన్ని రోజులు గోడను చూసిన పక్షి ఒక్క గెంతుతో ఇటు తిరిగింది. ఆ తర్వాత ఏ రెక్క ఎవరిదో తెలియలేదు. ఫోన్ కింద పడి, పొగమంచులో గజ్జెలు మోగుతూనే ఉన్నాయి. ఈకలు మా చాయ్ గ్లాసుల్లోకి వచ్చాయి.

భాయ్ కింద పడ్డ ఫోన్ తీసి జామపండ్లాయనకు చేశాడు. స్పీకర్లో ఆయన నవ్వే ముందు వచ్చింది. "గజ్జె జూసి ఆడదనుకున్నవా మియా? మా దిక్కు పొడిచేదానికి కడ్తం గజ్జె. అది వస్తుంటె మిగిలినవి తప్పుకోవాలె గదా!"

ఈలోగా బూడిదరంగుది తెల్లదాన్ని గూట్లోంచి బయటికి తరిమింది. తెల్లది వెళ్లి గూటి ముందున్న బాదం ఉండల పళ్లెం మీద పడింది. అది చూసి బూడిదరంగుది ఉరికొచ్చింది. దాన్ని ఒక తన్ను తన్ని, ఒక ఉండ మింగి, మళ్లీ తన్ని, మళ్లీ మింగింది. అవతలివాడికి ఒక్క ముక్క దక్కనివ్వకుండా పళ్లెం ఖాళీ చేసింది. అప్పుడు తెల్లది గాల్లోకి లేచింది. వెనకాలే ఇది లేచింది. దాని వెనకాల గుంపంతా. గల్లీ చివరి ప్రహరీ అవతలి చెట్ల మీదుగా పెద్ద చుట్టు తిరిగి, ఎండలో తళుక్కుమని మళ్లీ మా వైపు మళ్లింది.

భాయ్ కర్ర పట్టుకోవడం కూడా మరిచిపోయి తలెత్తి చూస్తున్నాడు.

"సాబ్," అన్నాడు, "మల్ల పుట్టింది హీరోయిన్ కాదు. విలన్."

తెల్లది మా భాయ్ మేడ మీదే ఉండిపోయింది. రోజూ రెండు పూటలా యుద్ధం, రెండు పూటలా భోజనం. బూడిదరంగుది ఎంత లావెక్కిందంటే గూటి తలుపు పెద్దది చేయించాల్సి వచ్చింది.

తర్వాతి శుక్రవారం సినిమాలో దుర్మార్గుడు రాగానే నేను అలవాటుగా పక్కకు జరిగాను, తువ్వాలు దారిలో ఉండకుండా. తువ్వాలు లేవలేదు. భాయ్ వాడిని కొత్త చుట్టాన్ని చూసినట్టు చూస్తున్నాడు.

"గిట్ల జూస్తే," అన్నాడు, "వీడు గూడ ఏం తిన్నట్టు లేదు పాపం."

వంటింట్లోంచి భాభీ గొంతు వినిపించింది. "బాదం అయిపోయినయ్. చెప్తున్న, వీడికి గూడ పెట్టేదుంటే కొనుక్కరా."