డోయల్ గిటారుకు శ్రుతి కుదరదు

డోయల్ మెక్‌స్పాడెన్ పాట ఎత్తుకుంటే అది పూర్తవుతుందని పూచీ ఇచ్చేవాళ్లు ఆస్టిన్ ఊళ్లో ఒక్కరూ లేరు. గొంతు బంగారం. పాటలన్నీ సొంతంగా కట్టుకున్నవి. ఎటొచ్చీ సగంలో ఠక్కున ఆపేసి, "క్షమించాలి, తీగ దిగింది" అంటూ గిటారు బిరడాలు తిప్పుతూ కూర్చునేవాడు. అక్కడితో తెమిలేదా అంటే తెమలదు. జనం బీరు తెచ్చుకుని, తాగి, మళ్లీ తెచ్చుకునేవారు.

అతని బృందంలో స్టీల్ గిటారు వాయించే వెర్నా కోలాచెక్‌కి ఇది ప్రాణసంకటంగా ఉండేది. ఆవిడది మామూలు చెవి కాదు. పక్కవీధిలో గ్లాసు పగిలితే అది ఏ స్వరంలో పగిలిందో చెప్పేస్తుంది. ఆ చెవికి తెలుసు, డోయల్ తీగ ఏనాడూ దిగలేదని. నిక్షేపంలాంటి తీగని ఇటు తిప్పి, అటు తిప్పి, మొదటికే తెచ్చి పెట్టేవాడు. ఇంత చక్కగా పాడేవాడికి దేవుడు చెవులు ఇవ్వడం మరిచిపోయాడని వెర్నా తీర్మానించుకుంది.

ఒక పెళ్లిలో కొత్త దంపతులు తొలి నాట్యం చేస్తుండగా ఆపేశాడు. పాపం, వాళ్లిద్దరూ పెళ్లి కేకు మీద బొమ్మల్లా ఒకరినొకరు పట్టుకుని నిలబడిపోయారు. ఇంకోసారి రోడియోలో, అంటే పొగరుబోతు గుర్రాలెక్కే పోటీల్లో, జాతీయగీతం పాడుతూ ఆపేశాడు. మైదానమంతా టోపీలు గుండెలకి ఆనించుకుని ఎదురుచూసింది. పోలీసు అధికారి మొహం కందగడ్డలా తయారైంది. దేశభక్తి గల తీగలు కొనుక్కోమని ఆయన తర్వాత సలహా కూడా ఇచ్చాడట.

అలాంటి డోయల్‌కి పంతొమ్మిదివందల డెబ్బై మూడులో రికార్డు తీసే అవకాశం వచ్చింది. ఫిడేలూ స్టీల్ గిటారూ ఒకవైపు, రాక్ డ్రమ్ములు ఒకవైపు పెట్టి అతను పాడేదాన్ని రేడియోవాళ్లు 'ప్రోగ్రెసివ్ కంట్రీ', అంటే కొత్తరకం పల్లెపాట, అనడం మొదలుపెట్టారు. నాష్‌విల్‌లోని రికార్డు కంపెనీ నుంచి పెండర్ అనే మనిషి వచ్చాడు. స్టూడియోలో నాలుగు గోడల మధ్య పాడనని డోయల్ మొండికేశాడు. చివరికి కొండల్లో ఉన్న ఓల్ట్‌మన్ డాన్స్ హాల్లో, ఆదివారం మధ్యాహ్నం, జనం ఎదుటే రికార్డు చేయడానికి ఒప్పందమైంది. హాలు బయట టేపు యంత్రాల లారీ ఆగింది.

పెండర్ ముందే తేల్చి చెప్పాడు. టేపు అంతంతమాత్రం. పాట మధ్యలో ఒక్కసారి ఆగినా రికార్డు లేదు, ఏమీ లేదు, లారీ తిరిగి వెళ్లిపోతుంది.

ఆ మాట అందరికంటే వెర్నాకి ఎక్కువ గుచ్చుకుంది. జీవితమంతా పరాయి పాటగాళ్ల వెనక వాయించింది. ఏ అట్ట మీదా ఆవిడ పేరు పడలేదు. ఈ రికార్డు మీద పడబోతోంది. అందుకే డోయల్‌ని ఒక మూలకి లాక్కుపోయింది.

"ఇవాళ నీ గిటారు తీగలన్నీ తెగి కింద పడ్డా సరే, ఆపావో, చంపేస్తాను."

"ఆపనక్కా. ఒట్టు."

ఆ పూట హాలు చూడవలసిందే. ఒకవైపు టోపీలూ బూట్లతో పశువుల ఆసాములు, ఇంకోవైపు భుజాల దాకా జుట్టు పెంచిన యూనివర్సిటీ పిల్లలు. మధ్యలో ఎవరూ గీయని గీత. డోయల్ మాట నిలబెట్టుకున్నాడు. పాట వెనక పాట నదిలా సాగిపోయింది. స్టీల్ గిటారు అంత బాగా తానెప్పుడూ వాయించలేదని వెర్నా గుండె ఉప్పొంగింది.

ఆఖరిపాట సగంలో డోయల్ ఆగిపోయాడు.

"క్షమించాలి. తీగ దిగింది."

స్టీల్ గిటారు తీగల మీద జార్చే ఇనుప కడ్డీ అతని నెత్తిన వేద్దామనే వెర్నా తలెత్తింది. వేళ్లు బిరడా మీద ఉన్నాయి గానీ డోయల్ చూపు గిటారు మీద లేదు. గోడవారన ఉన్న బల్ల మీద ఉంది. అక్కడ ఒటిలీ వీస్నర్ ఒంటరిగా కూర్చుంది. భర్త పోయాక హాలుకి రావడం ఇదే మొదలు. విధవరాలిని నాట్యానికి పిలవడం మర్యాద కాదని ఆసాములంతా ఆవిడని గౌరవంగా వదిలేశారు. ఆవిడ పాదం మాత్రం నేల మీద తాళం వేస్తూనే ఉంది.

ఈ మర్యాదలేవీ తెలియని యూనివర్సిటీ గడ్డంవాడొకడు, పాట ఆగింది కదా అని ఖాళీగా నిలబడి, బల్ల వైపు చూసి, చెయ్యి చాపాడు. అతను అడగడం పూర్తికాకముందే ఒటిలీ లేచి నిలబడింది.

డోయల్ తీగ వెంటనే కుదిరింది.

వెర్నాకి అప్పుడు ఒక్కొక్కటే వెలిగింది. ఆ పెళ్లిలో పాట ఆగాకే కదా, అలిగి కూర్చున్న పెళ్లికొడుకు తల్లిని వియ్యంకుడు వెళ్లి లేవదీసింది! ఆ రోడియోలో ఎవరో ముసలి సైనికుడు జారిపోయిన చేతికర్ర అందుకుని నిలబడేదాకా కదా జాతీయగీతం ఆగింది! వీడికి చెవులు లేకపోవడమేమిటి, వెధవకి ఒళ్లంతా కళ్లే. ఆవిడకి ఎక్కడలేని గర్వం పుట్టుకొచ్చింది.

పాట అయింది. టేపూ అయిపోయింది. పెండర్ లారీ దిగి వచ్చి, అంతా నాశనమైందని చెప్పి, తన ఉద్యోగం కూడా పోయినట్టేనని అదే బల్ల మీద కూలబడ్డాడు. డోయల్ మొహం ఇంతైపోయింది.

"అక్కా, నీ పేరు..."

"పేరు సంగతి తర్వాత. జనం నిలబడున్నారు, పాడు."

డోయల్ పాడాడు. సగంలో ఫట్‌మని స్టీల్ గిటారు ఆగింది. వెర్నా మైకు ముందుకి వంగి, తన తీగ దిగిందని అందరికీ వినబడేలా చెప్పింది. జన్మలో ఆవిడ తీగ దిగడం ఎవరూ వినలేదు. డోయల్ నోరు తెరుచుకుని చూశాడు. ఆవిడ గడ్డంతో బల్ల వైపు చూపించింది. అప్పటికే ఒటిలీ వెళ్లి పెండర్ టై పట్టుకుని లేపుతోంది.

పెండర్‌కి నాట్యం రాదు. ఆ పూట ఒటిలీ పాదాలు పడ్డ బాధ ఆ పాదాలకే తెలుసు. కానీ సాయంత్రం లారీ ఎక్కేటప్పుడు, ఆఖరిపాటలో డోయల్ ఆగిన ముక్క కోయకుండా అలాగే ఉంచుతానని ఆయనే అన్నాడు. కంపెనీవాళ్లతో పోట్లాడి ఉంచాడు కూడా.

రికార్డు వచ్చింది. అట్ట వెనక వెర్నా పేరుంది. దానికంటే ఎక్కువగా ఆవిడ మురిసిపోతూ అందరికీ వినిపించింది మాత్రం ఆఖరిపాటని. ఒక రేడియో ఆయన, అంత మంచి పాటలో ఆ తప్పు ఎలా ఉండనిచ్చారండీ అని అడిగాడు.

వెర్నా కుర్చీలో నిటారుగా కూర్చుంది. "తప్పేమిటండీ? అక్కడ మా ఒటిలీ లేచింది."