టెంకాయకు పగలని అద్దం

ఇప్పుడు బండి అద్దం పగిలితే ఎవరికీ గుండె జారదు. ఒక ఫోను కొడితే చాలు, ఇస్త్రీ చొక్కా వేసుకున్న పిల్లవాడు ఇంటి ముందుకే వచ్చి, నల్లటి జిగురు పట్టించి, అద్దం అంటించి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోతాడు. ఆ రోజుల్లో అలా కాదు. చిత్తూరులో బస్సుకో లారీకో ముందద్దం పోయిందంటే మొదట డ్రైవరు ఏడ్చేవాడు, అది విని ఓనరు ఏడ్చేవాడు, తర్వాత ఇద్దరూ కలిసి మా మామ అంగడికి వచ్చేవారు. మామ వాళ్ళను ఓదార్చేవాడు కాదు. "కూర్చోండి, టీ తాగండి" అని, చెవి వెనకనుంచి పెన్సిలు తీసేవాడు. అంతటితో వాళ్ళకు సగం ధైర్యం వచ్చేసేది.

మామ అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. బస్టాండు వెనక సందులో అద్దాల అంగడి ఆయనది. దేవుడి పటాలకూ, బీరువాలకూ అద్దాలు కోసేవాడు గాని, పేరు తెచ్చింది మాత్రం బండి అద్దాలే. అప్పటి లారీలకు ముందర రెండు చదును అద్దాలుండేవి. పాత పేపరు పరిచి కంత కొలతకు కత్తిరించుకుని, దాన్ని అద్దం మీద పెట్టి, వజ్రపు ములికి ఉన్న కలంతో ఒక్క గీత గీసేవాడు. కిర్రుమనేది. కింద వేలితో తడితే అద్దం బుద్ధిమంతుడిలా గీత వెంబడే విడిపోయేది. గీత గీసేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు, అద్దం వింటుందని ఆయన నమ్మకం. నేను పదో తరగతి తప్పి (ఎన్నిసార్లు అని అడక్కండి, పరీక్ష పెట్టేవాళ్ళకే విసుగొచ్చింది) ఆ అంగడిలో చేరాను. చేరడానికి పని ఒక కారణం. మామ కూతురు ఇంకో కారణం.

ఆ పిల్ల నాకు వరస. ఉయ్యాలలో ఉన్నప్పటినుంచే ఇంట్లో అందరూ ఆమెను నా పెండ్లామని పిలిచేవారు. నాకు అభ్యంతరం లేదు. ఆమెకు ఉందో లేదో ఎవరూ అడగలేదు గాని, మధ్యాహ్నం క్యారియరు తెచ్చినప్పుడు నా గిన్నెలో పప్పు కొంచెం ఎక్కువుండేది కాబట్టి నేను నిశ్చింతగా ఉన్నాను. మామది మాత్రం ఒకటే మాట. పని పూర్తిగా వచ్చినవాడికే పిల్ల. చదును అద్దం కోయడం చేతికొచ్చింది, ఇక తాంబూలాలే అనుకుంటుండగా వచ్చి పడింది, నా నెత్తిన, వంపు అద్దం.

కొత్త బస్సులకు ఈ చివరినుంచి ఆ చివరికి ఒకే అద్దం, అదీ వంపు తిరిగింది. మద్రాసులో అచ్చుపోసి పంపుతారు. దాన్ని కోయకూడదు, గీయకూడదు, వచ్చింది వచ్చినట్టు ఎక్కించాలి. మామకు ఇది తలకొట్టేసినట్టయింది. కోసే పని లేనప్పుడు అదొక అద్దమా, అప్పడమా అన్నాడు. కొన్నాళ్ళు అలా వెక్కిరిస్తూ గడిపాం. ఈలోగా తిరుపతిలో ఎవరో ఆ పని నేర్చుకున్నారని తెలిసింది. మా ఊరి బస్సులే అద్దం పోయిన కంతకు గోనెపట్టా కట్టుకుని, మా అంగడి ముందునుంచే తిరుపతికి పోసాగాయి. ఆ గోనెపట్టాలు గాలికి పటపటమంటూ పోతుంటే మామ తల పక్కకు తిప్పుకునేవాడు.

ఆ సమయంలోనే అద్దాలు తయారుచేసే కంపెనీ ఒకటి పనివాళ్ళకు మద్రాసులో వారం వారం ఒకరోజు శిక్షణ పెడుతున్నట్టు కబురొచ్చింది. నెరిసిన మీసాలతో బడికి పోనని మామ మొండికేశాడు. నన్ను పిలిచాడు.

"నువ్వు పోయి నేర్సుకోని రారా. వచ్చినాక ఒక బస్సుకు నా కండ్ల ముందర అద్దం ఎక్కించు. అది నిలబడితే ఆ సాయంత్రమే తాంబూలాలు. నిలబళ్ళేదా, మీ అమ్మకు నేను ముఖం సూపించను, నువ్వు నా ఇంటికి రావద్దు."

పోయాను. అక్కడ నేర్పేది ఒక కోటు సారు. ఆ ఎండలో కోటేసుకున్నాడంటేనే గొప్పవాడని నాకర్థమైంది. అరవంలో చెప్పాడు, చిత్తూరు వాళ్ళకు అరవం ఒక లెక్కా. అద్దం చుట్టూ రబ్బరు తొడగడం, ఆ రబ్బరు గాడిలో నూలుతాడు దూర్చడం, సబ్బునీళ్ళు పూసి బయటినుంచి నొక్కుతుంటే లోపలినుంచి తాడు లాగడం, అన్నీ చేసి చూపించాడు. తాడు వచ్చేకొద్దీ రబ్బరు పెదవి బండి రేకు మీదికి దానంతటదే ఎక్కుతుంది. తర్వాత ఒక అద్దాన్ని పడుకోబెట్టి, బత్తాయంత ఇనపగుండును పైనుంచి దాని నడిమధ్యన వదిలాడు. గుండు ఎగిరి అవతల పడింది. అద్దానికి ఏమీ కాలేదు. నేను నోరు తెరిచాను. భోజనాలయ్యాక అద్దం అంచుల గురించి చెబుతానన్నాడు.

ఇక్కడ ఆ భోజనం గురించి చెప్పాలి. అరిటాకు, సాంబారు, వత్తకుళంబు, రసం, పాయసం, ఆవాలు వేసి తిరగమాత పెట్టిన పెరుగన్నం. అడిగినంత. పైన ఫ్యాను. నేను గోడ పక్కన కూర్చున్నాను. అంచుల గురించి సారు ఏం చెప్పాడో నాకు తెలియదు. చప్పట్లకు మెలకువ వచ్చి నేనూ కొట్టాను. అందరికీ తలా ఒక నీలం టోపీ ఇచ్చారు.

ఆ టోపీ తీస్తే ఒట్టు. బస్సులో పెట్టుకున్నాను, సినిమాలో పెట్టుకున్నాను (వెనకవాళ్ళు తిట్టేదాకా), అన్నం తినేటప్పుడూ పెట్టుకున్నాను. మామ కూతురు వడ్డిస్తూ, ఏం నేర్చుకున్నావని అడిగింది. ఇనపగుండు సంగతి చేతులు తిప్పుతూ చెప్పాను. "అంతేనా బావా?" అంది. ఇంకేముండాది అన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి, పప్పు గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

గంధం శెట్టి బస్సు అద్దం పగిలింది ఆ వారమే. నుదుటినిండా గంధం పూసుకుంటాడని ఆయనకా పేరు. బంగారుపాళ్యం దగ్గర ముందు పోయే లారీ చక్రం కింది రాయి ఎగిరొచ్చి అద్దం మూలన తగిలిందట. తిరుపతికి పోబోతున్న మనిషిని మామ బతిమాలి ఆపాడు. మద్రాసునుంచి బస్సు టాపు మీద గడ్డిలో పడుకుని కొత్త అద్దం వచ్చింది. సందంతా జనం. మామ లోపల తాడు పట్టుకున్నాడు, బయట నేను టోపీతో. సబ్బునీళ్ళు, నొక్కుడు, లాగుడు. నిజం చెప్పాలి, బ్రహ్మాండంగా ఎక్కింది. మామ లోపలినుంచే అద్దంలోంచి నన్ను చూసి తలూపాడు. ఆయన మెచ్చుకోవడం అదే మొదటిసారి. అప్పుడే అత్తా, మామ కూతురూ పూజ పళ్ళెం తెచ్చారు. అద్దానికి పసుపు పూసి కుంకుమ పెట్టారు, చక్రం కింద నిమ్మకాయ పెట్టారు. శెట్టి టెంకాయ కొట్టడానికి రాయి కోసం చూస్తున్నాడు.

అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

"రాయెందుకు శెట్టీ, అద్దం మీదనే కొట్టు" అన్నాను. శెట్టి నవ్వి, మామ వైపు చూశాడు. మామ కిందికి దిగొచ్చి వద్దురా అన్నాడు. నేను వింటేనా? మామ కూతురు ముందు, ఊరంతటి ముందు, నా టోపీ పరువేం కావాలి? టెంకాయ అందుకుని అద్దం నడిమధ్యన ఫట్టుమని కొట్టాను. టెంకాయ ఎగిరొచ్చి నా కాళ్ళ దగ్గర దొర్లింది. అద్దం అలాగే ఉంది. జనం ఈలలు వేశారు. శెట్టి నా వీపు తట్టి, తిరుపతిలో వాడెవడో నా ముందర ఎంత అన్నాడు. మామ ముఖంలో తాంబూలాలు కనబడ్డాయి.

అంతా అయ్యాక చూస్తే, ఒక మూల రబ్బరు పెదవి కొంచెం లోపలికి మడతపడి ఉంది. చిటికెలో సరిచేస్తానని, స్క్రూడ్రైవరు మొనను రబ్బరు కిందికి దూర్చి, సుత్తి పిడితో చిన్నగా, పసిబిడ్డ వీపు తట్టినట్టు తట్టాను.

టప్పుమంది. నా చేతిలో స్క్రూడ్రైవరు ఉంది, ముందర అద్దం లేదు. పసుపూ కుంకుమతో సహా కలకండ పోసినట్టు రోడ్డంతా రాలిపోయింది. కింద పడున్న టెంకాయను శెట్టి తీసుకుని, ఊపి, చెవి దగ్గర పెట్టుకుని నీళ్ళ చప్పుడు విన్నాడు.

"టెంకాయ బాగుండాది" అన్నాడు నెమ్మదిగా. "స్వామికి అద్దం కొట్టినావప్పా."

మామ గోనెపట్టా తెచ్చి, తన చేతులతో తనే బస్సుకు కట్టాడు. మర్నాడు ఇంకో అద్దం తేవడానికి స్వయంగా మద్రాసు పోయాడు. పోయినవాడు ఎంతకీ రాలేదు. వచ్చినప్పుడు నెరిసిన జుట్టు మీద నీలం టోపీ ఉంది. శిక్షణలో కూర్చుని వచ్చాడు. మా అమ్మ కూడా అప్పుడు మామ ఇంట్లోనే ఉంది.

"ఆ అద్దానికి ప్రాణమంతా అంచులోనే ఉండాదంట. నడుమ గుండేసినా ఓర్సుకుంటాది, అంచున ఇనుము తగిల్తే నిలవదంట. అది చెప్పింది మధ్యాన్నం. చిత్తూరునుంచి ఒగుడు వచ్చినాడే అని అడిగితే, గుర్రు పెట్టినాడే ఆ పిల్లోడా అని ఆ సారు నవ్వినాడు" అన్నాడు మామ. తర్వాత మా అమ్మ వైపు తిరిగాడు. "అక్కా, నాకేం కోపం లేదు. కానీ వీడికి పిల్లనిస్తే సంసారం గూడా పొద్దన పూట వరకే నేర్సుకుంటాడు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడవడానికో నవ్వడానికో ఇప్పటికీ తెలియదు. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. జీవితంలో అంత సిగ్గు, అంత భయం ఎప్పుడూ పడలేదు. పిల్ల చేయి జారిపోయిందనే అనుకున్నాను. అప్పుడు వంటింట్లోంచి ఆమె గొంతు వినబడింది.

"ఇంగోసారి పంపించు నాయనా. ఈసారి సద్ది నేను కడతా."

కట్టింది. మద్రాసు చేరి విప్పి చూస్తే, బొరుగులు, పక్కన పచ్చిమిరపకాయలు. అంతే. అవతల అరిటాకులు పరుస్తున్నారు, పెరుగన్నం తిరగమాత వాసన వస్తోంది. నేను గోడకు దూరంగా కూర్చుని బొరుగులు నములుతూ, కన్ను వాలినప్పుడల్లా మిరపకాయ కొరికాను. అంచుల గురించి సారు చెప్పిందంతా కన్నీళ్ళతో విన్నాను. గంధం శెట్టి బస్సుకు అద్దం నేనే ఎక్కించాను. అంచు దగ్గర వంకర ఉంటే చెక్కపుల్లతో సరిచేశాను. టెంకాయను మామ తీసుకెళ్ళి సందు చివర రాతిమీద కొట్టి వచ్చాడు. సాయంత్రం తాంబూలాలు మార్చుకున్నారు.

నా జుట్టూ నెరిసింది. అద్దాలు మాత్రం మారుతూనే ఉన్నాయి. తాడు పోయి జిగురొచ్చింది, ఇప్పుడు అద్దానికి కెమెరాలు కూడా వచ్చాయి. మొన్న తిరుపతిలో పెద్ద హోటల్లో దాని శిక్షణకు పోయాను. నేర్పే పిల్లవాడు నా కొడుకు కంటే చిన్నవాడు. భోజనాలయ్యాక దీపాలార్పి తెరమీద బొమ్మలు వేశారు. నేను జేబులోంచి మా ఆవిడ కట్టిచ్చిన పొట్లం తీశాను. పక్కన గోడకు ఒరిగి, నోరు తెరిచి, మెడలో శిక్షణవాళ్ళిచ్చిన కొత్త బిళ్ళ వేసుకున్న కుర్రాడొకడు నిద్రపోతున్నాడు. ఎంత హాయిగా పోతున్నాడో. లేపబుద్ధి కాలేదు. కానీ తెరమీద అంచుల సంగతి మొదలైంది. భుజం తట్టి, వాడి చేతిలో మిరపకాయ పెట్టాను. వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. పిచ్చివాణ్ణే, కొరుకు నాయనా అన్నాను.

ఇంటికొచ్చాక ఆమె అలవాటుగా నా జేబులోంచి పొట్లం తీసి చూసింది. "నిద్రపోలేదు కదా బావా?" అంది. లేదన్నాను. ఖాళీ పొట్లం మడిచి, అన్ని మిరపకాయలూ నేనే తిన్నాననుకుని, ఆ పూట నాకు పెరుగన్నం పెట్టింది.